భాగమ్మ కుడిచేతి గాజులు

గాజుల భాగమ్మ ఏ ఊరి అరుగు మీద దారాలకు గుచ్చిన గాజుల మలారం దించినా ముందు గాజులు చూపించేది కాదు. ముందు నీళ్లడిగేది. చెంబెడు నీళ్లు గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, "ఎన్ని నీళ్లు తాగినా పట్నం నీళ్ల ముంగట చప్పగనే ఉంటయి పో" అనేది. అంతే. చేటలో బియ్యం చేటలోనే వదిలేసి, పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరేవారు.

"మల్ల పట్నం పోయొచ్చినవా అక్కా?"

"పోకుంటె గీ గాజులు మొగులు మీదికెల్లి పడ్డయా? మొన్ననే ఒచ్చిన."

ఇక మొదలయ్యేది. ఒకామె చెయ్యి తన ఒళ్లోకి తీసుకొని, వేళ్ల కణుపులు ఒక్కొక్కటి పిసుకుతూ, ఎముకలు మెత్తబడేదాకా చెప్తూనే ఉండేది. పట్నంలో పెద్ద చెరువు ఉన్నదని, కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదని, పొద్దుగూకే యాళ్లకు సేట్లూ సాయిబులూ పిల్లాజెల్లా అందరూ వచ్చి ఆ కట్ట మీద గాలికి కూర్చుంటారని.

"కూసోని ఏం జేస్తరు?"

"ఏం జెయ్యరు. పల్లీలు బుక్కుకుంట నీళ్ల దిక్కు చూస్తరు."

"ఉత్తగనేనా?"

"ఉత్తగనే."

"మరి కైకిలి పనికి ఎవలు పోతరే తల్లీ!"

అందరూ నవ్వేవారు. ఆ నవ్వులో ఎవరి చేతికి డజను గాజులు ఎక్కాయో వాళ్లకే తెలిసేది కాదు. ఆ తర్వాత నవాబుల భవంతులు, దేవిడీలు వచ్చేవి. ఒక్కో దర్వాజా ఏనుగు మీద కూర్చున్నవాడు తల వంచకుండా పోయేంత ఎత్తట, ఒక దేవిడీకైతే తలుపులకు వెండి రేకు కొట్టారట. ఆ తర్వాత చార్మినార్ పక్కన గాజుల బజారు. దారికి రెండు వైపులా గాజులేనట. చివరకు గొంతు కొంచెం తగ్గించి, "మా ఆయన దుకాణం గూడ ఆడనే" అనేది.

ఇంతకూ నిజం ఏమిటంటే, భాగమ్మ పట్నం ముఖం ఎన్నడూ చూడలేదు. తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగేది. అక్కడి నుంచి ఒక్క స్టేషను కూడా ముందుకు పోయి ఎరగదు.

పట్నం పోయేవాడు ఆమె మొగుడు శంకరప్ప. నెలకోసారి పోయి మలారాలు కట్టించుకొని వచ్చేవాడు, ఆమె ఊళ్లు తిరిగి తొడిగేది. నిజాం రాజ్యం పోయిన ఏడు, వానాకాలంలో, రజాకార్ల గడబిడ నడుస్తున్న రోజుల్లో, "దసరా దగ్గర్కొస్తున్నది, గాజులు లేకుంటె ఎట్ల" అని రైలెక్కాడు. రైళ్లు ఆగిపోయాయి. మళ్లీ నడిచాయి. రైలు వచ్చినప్పుడల్లా భాగమ్మ స్టేషనుకు పోయి నిలబడేది. అందరూ దిగేవారు. శంకరప్ప దిగేవాడు కాదు.

ఏడవాలో వద్దో తెలియని దుఃఖం అది. చచ్చాడని ఎవరూ చెప్పలేదు, ఉన్నాడనీ ఎవరూ చెప్పలేదు. బొట్టు ఉంచుకోవాలా, చెరిపెయ్యాలా? భాగమ్మ ఉంచుకుంది. గాజులు తొడిగే చెయ్యి ముత్తైదువ చెయ్యి కావాలి మరి. మొగుడు లేనామె చేత పెళ్లికూతురికి గాజులు ఎవరు తొడిగిస్తారు? చూలాలికి ఎవరు తొడిగిస్తారు? పిల్లలా లేరు, పొలమా లేదు. ఆ పని తప్ప ఆమెకు ఇంకో పని రాదు. కొడంగల్ దిక్కు ఏదో ఊళ్లో మొదటిసారి ఎవరో "మీ ఆయన కానొస్తలేడేంది?" అని అడిగినప్పుడు నాలుక తనంతట తానే తిరిగింది.

"పట్నంల దుకాణం వెట్టిండు. నేనే నెలనెల పోయొస్తున్న."

ఆ మాట అన్నాక ఆమెకు కడుపులో చల్లగా అనిపించిందట. నిజంగానే ఆయన ఎక్కడో నీడపట్టున కూర్చొని బేరం చేస్తున్నట్టు.

పోయి వెతకొచ్చు కదా అంటారేమో. భాగమ్మ అనుకోలేదనుకున్నారా? ఎన్నిసార్లో టికెట్ కిటికీ దాకా పోయింది. కాని వెతికితే లేడని తేలిపోతుంది. వెతకనంత కాలం శంకరప్ప దుకాణంలోనే ఉన్నాడు, పొద్దుగూకాక చెరువు కట్ట మీద పల్లీలు బుక్కుతున్నాడు. కట్ట మీదికి పోయి ఆ మనిషిని ఆమె ఎట్లా లేపేస్తుంది?

అందుకని వికారాబాదులోనే దిగేది. అక్కడ ఒక సేటు పట్నం నుంచి తెప్పించిన గాజులు అమ్మేవాడు. ప్లాట్‌ఫారం మీద కాలానికి తగ్గట్టు జామపండ్లో సీతాఫలాలో అమ్మే మార్త ఆమెకు చెల్లెలి కన్నా ఎక్కువ. మార్తకు యేసుప్రభువు ఎంతో, భాగమ్మ అంత. ఆ రాత్రి మార్త ఇంట్లో పడుకొని, తెల్లారి ప్లాట్‌ఫారం మీద గంప పక్కన కూర్చొని, పట్నం నుంచి వచ్చే రైళ్లలో దిగేవాళ్ల మాటలు వినేది. చెరువు ముచ్చట ఒకరి నుంచి, వెండి తలుపు ముచ్చట ఒకరి నుంచి. మిగిలింది శంకరప్ప చెప్పగా విన్నది. అన్నీ కలిపి వండితే పట్నం తయారు.

ఒక్క చిక్కు మాత్రం ఉండేది. గాజులమ్మేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది: ఆడది తన చేతికి తాను గాజులు తొడుక్కోకూడదు, ఇంకో చెయ్యి తొడగాలి. భాగమ్మకు పెళ్లైనప్పటి నుంచి శంకరప్పే తొడిగేవాడు. ఆయన పోయాక ఎవరిని అడుగుతుంది? వేరే గాజులామెను అడిగితే "మీ ఆయనకేమైంది" అంటుంది. మార్తకు చాత కాదు. అందుకని తలుపు గడియపెట్టుకొని తానే తొడుక్కునేది. కుడిచేత్తో ఎడమచేతికి బిగువైన గాజులు ఎక్కించడం ఆమెకు లెక్కకాదు. ఎడమచేత్తో కుడిచేతికి మాత్రం ఎక్కేవి కావు. పెద్ద కొలతవి తీసుకొని దోపుకునేది. ఎడమచేతి గాజులు మణికట్టును పట్టుకొని ఉంటే, కుడిచేతివి మోచేతి దాకా పోయి మళ్లీ జారేవి. ఎవరు చూస్తారులే అనుకునేది. గాజులు తొడిగించుకునే ఆడది తన చెయ్యి చూసుకుంటుంది గాని తొడిగే చెయ్యి చూస్తుందా?

ఇట్లా ఏళ్లు గడిచాయి. నిజాం పోయి తొమ్మిదేళ్లయిన సంవత్సరం, దీపావళి దాటాక, బొంరాస్‌పేటలో పటేల్ గారింటి అరుగు మీద భాగమ్మ మలారం దించింది. పటేల్ భార్య లక్ష్మమ్మ చెయ్యి పిసుకుతుండగా ఆమె సంబరంగా చెప్పింది.

"కార్తీకం పోంగనే మా మనోరమ పెండ్లి. నీ చేత్తోనే పెండ్లి గాజులు ఎయ్యాలె భాగమ్మా. నాకు ఏసినవు, మా చెల్లెండ్లకు ఏసినవు. నీ చెయ్యి మంచిది."

"ఎయ్యొచ్చు తీయ్" అని లోపలి తలుపు సందులోంచి ఇంకో గొంతు. "గని దీని మొగన్ని చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

ఆ గొంతు దేవమ్మది. పటేల్‌కు పెద్దక్క. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే తమ్ముడింటికి వచ్చేసింది. నడుముకు వడ్ల గరిసె తాళాలు వేలాడేవి. ఇంట్లో ఆమె మాట పటేల్ కూడా దాటడు. అయితే ఏం, ఇంట్లో ముత్తైదువలు గాజులు తొడిగించుకుంటుంటే ఆమె అరుగు మీదికి రాకూడదు. తలుపు వెనకే ఉండాలి. భాగమ్మ అన్నేళ్లు ఆ ఇంటికి వచ్చినా దేవమ్మ చెయ్యి ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

"ఏం మాటలు వదినె అయి!" అంది లక్ష్మమ్మ.

"నేనేం తప్పు మాట్లాడిన? ఒక్క పండుగకు రాడు, ఒక్క జాతరకు రాడు. ఏం మొగడే ఆడు? మనోరమను నేను చంకలేసుకొని పెంచిన. దాని పెండ్లిల నన్ను లోపటి అర్రల కూసోమంటరు. కూసుంట, నాకెరికె. గని నన్ను లోపట కూసోవెట్టి, ఇంకో ముండమోపిని తెచ్చి దాని చెయ్యి వట్టిస్తమంటె ఊకుంటనా?"

భాగమ్మ చేతిలో గాజు చిట్లింది. లక్ష్మమ్మ వేలి మీద చిన్నగా నెత్తురు పొడిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ ఇంట్లో కాదంటే బొంరాస్‌పేటలో కాదన్నట్టే, బొంరాస్‌పేటలో కాదంటే తాండూరు దాకా కాదన్నట్టే. అది భాగమ్మకు ఒకరు చెప్పనక్కరలేదు. భయానికి మళ్లీ ఆ నాలుకే తిరిగింది.

"నేను ఎట్లనన్న పోతున్న గద దొరసానీ. రాండ్రి. మీ కండ్లతోనే చూడుండ్రి."

ఎక్కడ వస్తుందిలే అనుకుంది. గడప దాటి పక్క ఊరికి పోని మనిషి.

"వస్త" అంది దేవమ్మ.

"ఆడోళ్లు ఇద్దరే ఎట్ల పోతరు వదినె?"

"అది నెలనెల ఒక్కతే పోతనే ఉన్నది గద! దానికి ఎరుకలేని తొవ్వనా?"

తాండూరు దాకా బండి కట్టించారు. దేవమ్మ రైలెక్కడం అదే మొదలు. సద్దిమూట ఒళ్లో పెట్టుకొని, కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకొని, నిటారుగా కూర్చుంది. భాగమ్మ ఎదురుగా కూర్చొని ఎరిగిన దేవుళ్లందరికీ మొక్కుకుంది. ఇంజను చెడిపోతే ఎంత బాగుండు, పట్టాలు వంగిపోతే ఎంత బాగుండు. ఇంజను సుబ్బరంగా నడిచింది.

వికారాబాదు వచ్చింది. సీతాఫలాల గంపతో మార్త రైలుపెట్టె పక్కన పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా! ఏంది కూసున్నవు? దిగు దిగు, రైలు కదుల్తది!"

భాగమ్మ కళ్లతో సైగ చేసింది. "నేను పట్నం పోతున్న మార్తా. ఎప్పటి లెక్కనే."

మార్త నోరు తెరిచింది. దేవమ్మను చూసింది. మూసింది. "అవ్, అవ్. ఎప్పటి లెక్కనే గద. నేనే యాది మరిచిన." అంతటితో ఊరుకుంటే బాగుండేది. మంచిమనిషికి అబద్ధం చెప్పడం వస్తే ఎక్కడ ఆపాలో తెలియదు. నాలుగు పండ్లు తీసి కిటికీలోంచి కుక్కింది. "బావకియ్యి గివి. సీతాపలకాయంటె పానం గద ఆయనకు. మొన్న గూడ అడిగిండంటివి. మంచిగున్నడా? దగ్గు తగ్గిందా?"

రైలు కదిలాక దేవమ్మ అడిగింది. "ఎవలే ఆ పిల్ల?"

"తెలిసినామె దొరసానీ."

"నిన్ను దిగుమన్నదేంది?"

"పరాష్కానికి. ఊకె నవ్వులాటలాడుతది."

"పరాష్కమా" అంది దేవమ్మ. ఆ నాలుగు పండ్లు తీసి సద్దిమూట పక్కన పెట్టుకుంది.

ఖైరతాబాదు దగ్గర ఇళ్ల మధ్యన ఒకచోట సందు దొరికి, పెద్ద నీళ్లు తళుక్కుమన్నాయి. ఆకాశం ముక్క విరిగి కిందపడినట్టు. భాగమ్మ తన అబద్ధం మరిచిపోయి లేచి నిలబడింది.

"అమ్మో! గింత పెద్దగుంటదా!"

"ఏందే, కొత్తగ చూసినట్టు?"

"ఎన్నిసార్లు చూసినా గంతే దొరసానీ" అని భాగమ్మ కూలబడింది.

నాంపల్లిలో దిగితే బయటికి దారి ఎటో ఆమెకు తెలియదు. జనం ఎటు పోతే అటు నడిచింది, ఎప్పటి లెక్కనే అన్నట్టు చేతులూపుకుంటూ. రిక్షా మాట్లాడి చార్మినార్ అంది. రిక్షావాడు తొందరపడే రకం కాదు. దారిలో ఎవరో పిలిస్తే ఆపి, బీడీ ముట్టించుకొని, వాళ్ల ఇంట్లోవాళ్ల క్షేమం అడిగి మళ్లీ తొక్కాడు. దారి పొడుగునా అట్లాగే ఉంది. హోటల్లో మనుషులు సాసర్లో చాయ పోసుకొని, చల్లారినా తాగకుండా మాట్లాడుకుంటున్నారు. ఒక దుకాణదారు కొనేవాళ్లు ముందు నిలబడి ఉండగానే, అన్నం తిని వస్తానని పక్కవాడికి అప్పగించి పోయాడు. దేవమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కొని అన్నీ చూస్తోంది.

"నిజంగనే గీళ్లకు పనుల్లేవానే?" అంది.

నది వంతెన దాటాక ఒక దేవిడీ గోడ మొదలై ఎంతకూ అయిపోలేదు. పెద్ద దర్వాజా ముందు జవాను స్టూలు మీద కూర్చొని కునుకుతున్నాడు. అతని కాళ్ల దగ్గర పిల్లి. గోడ మీద రావిమొక్క మొలిచి ఉంది. నవాబులెక్కడో, ఏనుగులెక్కడో.

"వెండి తలుపులేవి?"

"లోపట ఉంటయి దొరసానీ. మనల్ని రానియ్యరు."

"నిన్ను రానిచ్చిండ్రా?"

భాగమ్మ రోడ్డు దిక్కు చూసింది.

గాజుల బజారులో అడుగు పెట్టగానే మాత్రం ఆమె కాళ్లు ఆగిపోయాయి. శంకరప్ప చెప్పినట్టే ఉంది. దారికి రెండు వైపులా గాజులే. ఎర్రవి, పచ్చవి, లక్కవి, అద్దాలు అతికినవి. ఎండ వాటి మీద పడి మనుషుల ముఖాల మీద రంగులు ఆడుతున్నాయి. తొమ్మిదేళ్లు ఊరూరా తాను చెప్పిన బజారు తన ముందు నిలబడి ఉంది. అయితే ఇందులో ఒక దుకాణం తక్కువ.

"ఏది?" అంది దేవమ్మ.

"జర నిలబడుండ్రి. కనుక్కొనొస్త" అని భాగమ్మ ముందుకు నడిచింది. మొదటి దుకాణంలో అడిగింది, రెండో దుకాణంలో అడిగింది. శంకరప్ప, తాండూరు, పొట్టిగా ఉంటాడు, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. అబద్ధం ఎప్పుడు జారిపోయిందో తెలియదు, ఆమె నిజంగానే అడుగుతోంది. అన్నేళ్లు టికెట్ కిటికీ దగ్గర మింగిన మాట ఇప్పుడు ఆపినా ఆగడం లేదు. మూలదుకాణంలో గోరింటాకు పెట్టిన గడ్డంతో ఒక ముసలి సాయిబు గాజులు దారానికి గుచ్చుతున్నాడు. పేరు వినగానే చేతులు ఆపాడు.

"తాండూర్ శంకరప్పనా? మస్తు ముచ్చట్లు జెప్పేటోడు?"

"అవ్" అంది భాగమ్మ.

"నువ్వేమైతవ్ బీబీ?"

ఆమె చెయ్యి ఎత్తి మెడలోని పుస్తెను చూపింది.

ముసలాయన దారం పక్కన పెట్టాడు. తర్వాత నేల మీద చోటు తుడిచి కూర్చోమన్నాడు. "గా గడబిడల ఒచ్చిండమ్మా. మలారం కట్టించుకున్నడు. బయట గోల్‌మాల్ ఉన్నది, ఇయ్యాల పోకు అన్న. ఇంటిది ఎదురు చూస్తదన్నడు. బండి నడుస్తదో నడ్వదో చూసొస్త, గాజులు ఈడ్నే ఉండనియ్యి అని స్టేషన్ దిక్కు పోయిండు. మల్ల రాలే. ఏడాది పొడుగు ఆ మలారం అట్లనే ఉంచినం, ఎవ్వల్ని ముట్టనియ్యలే. తర్వాత... ఎన్నొద్దులు ఉంచుత బిడ్డా?"

భాగమ్మ ఏడవలేదు. ఎవరో చెయ్యి గట్టిగా పిసికి వదిలేసినట్టు కూర్చుంది. ముసలాయన లేచి, లోపలి నుంచి ఆకుపచ్చ గాజుల మలారాలు రెండు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "గివి ఆయనవి కావు. గని ఆయనవే అనుకో. తీస్కపో."

లేచి వెనక్కి తిరిగితే దేవమ్మ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. జర నిలబడమంటే నిలబడే మనిషా? అంతా విన్నది. అయిపోయిందనుకుంది భాగమ్మ. పెళ్లి గాజులు పోయాయి, ఊళ్లు పోయాయి, మొగుడూ పోయాడు, ఒక్కసారే.

దేవమ్మ ఆమె ముఖం చూసింది. కొంగు సర్దుకుంది. "నడువ్. చెరువు చెరువంటివి గద, చూపియ్యి" అంది.

చెరువు కట్ట మీదికి చేరేసరికి పొద్దు వాలింది. భాగమ్మ ఏమేమి చెప్పిందో అన్నీ ఉన్నాయి. గాలి, పల్లీలమ్మేవాడు, గోడ మీద వరుసగా కూర్చున్న మనుషులు. అవతలి ఒడ్డు మాత్రం కనిపిస్తూనే ఉంది. ఇద్దరూ గోడ మీద కూర్చున్నారు. దేవమ్మ సద్దిమూట విప్పలేదు. మార్త ఇచ్చిన సీతాఫలం ఒకటి విప్పి, సగం భాగమ్మ చేతిలో పెట్టింది. "తిను. నీ మొగని పండు" అంది.

అప్పుడు ఏడ్చింది భాగమ్మ. పండు చేతిలో పట్టుకొని, నోరంతా తెరిచి, పిల్లలు ఏడ్చినట్టు. దారిన పోయేవాళ్లు చూశారు, పోయారు. ఆ ఊళ్లో ఎవరికీ తొందర లేదు, ఎవరి సంగతీ పట్టించుకునేంత తీరికా లేదు. దేవమ్మ గింజలు ఉమ్ముతూ కూర్చుంది. ఏడుపు సన్నబడ్డాక అంది.

"ఇంటికి పోయి అందరికి చెప్తనని భయపడుతున్నవేమో. చెప్పెటందుకు నేను ఈడి దాక రావాల్నా? నీ కుడిచేతి గాజులు జారుతున్నయని నాకు ఎప్పటిసందో ఎరికె."

భాగమ్మ తన చెయ్యి చూసుకుంది.

"మీరంత ముచ్చట్లల్ల ఉంటుంటిరి. నాకు ముచ్చట్లు ఎవలు జెప్తరు? తలుపు సందులకెల్లి నీ చేతులే చూస్తుంటి. ఎడమచేతివి బిగ్గరగున్నయి, కుడిచేతివి ఒదులుగున్నయి. మొగడు ఏస్తె రెండు చేతులకు ఒక్కతీరుగ ఏస్తడు గదనే. తనకు తానే ఏసుకుంటున్నది, దీనికెవలు లేరు అనుకున్న."

"మరి ఎన్నడు అనకపోతిరి?"

"అనకపోతి. పెండ్లి మాట ఇన్నంక ఓర్వలేకపోయిన." దేవమ్మ నీళ్ల దిక్కు చూస్తూ మాట్లాడుతోంది. "నాకు లేనిది నీకెట్లుండె? నువ్వు బొట్టు వెట్టుకొని అరుగు మీద నవ్వుకుంట కూసుంటివి, నేను తలుపెన్క కూసుంటి. మొగడు పోయిండని ఒప్పుకున్న పాపానికి! గని ఇంకోటున్నది. నవ్వకు. గీ చెరువు ముచ్చట నువ్వు జెప్పినప్పుడల్ల ఇన్న. ఒక్కసారి నా కండ్లతోటి చూడాల్ననిపించె. ఊరికే పోతనంటె మా తమ్ముడు పంపిస్తడా? నీ మొగన్ని చూసొస్తనంటె బండి కట్టిండు."

భాగమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంది. ఒళ్లో ఆకుపచ్చ గాజులు గలగలమన్నాయి. దేవమ్మ చూపు వాటి మీద పడి, పక్కకు పోయి, మళ్లీ వచ్చింది. ఆ చూపు భాగమ్మకు తెలుసు. అరుగు మీద కూర్చున్న ప్రతి ఆడదాని కళ్లలో చూసిందే.

"చెయ్యి ఇయ్యుండ్రి" అంది.

"పిస్స లేసిందా నీకు?"

"ఈడ మనల్ని ఎవలెరుగుదురు దొరసానీ? మీరు బొంరాస్‌పేట పటేల్ అక్కనా? నేను గాజులామెనా? ఇద్దరు ఆడోళ్లం, గాలికొచ్చినం. ఇయ్యుండ్రి."

దేవమ్మ అటూ ఇటూ చూసింది. కొంగు కింది నుంచి మెల్లగా చెయ్యి బయటికి తీసింది. భాగమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ముఖం ముడతలు పడింది గాని మణికట్టు చిన్నపిల్లది. గాజులు ఎరగక అట్లాగే ఆగిపోయినట్టుంది. మనోరమ కొలతే సరిపోతుంది. కణుపులు ఒక్కొక్కటి పిసుకుతుంటే దేవమ్మ కళ్లు మూసుకుంది. గాజులు ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. ఒక్కటీ చిట్లలేదు. దేవమ్మ చెయ్యి ఎత్తి పొద్దుకు అడ్డంగా పెట్టి చూసుకుంది. ఒకసారి కదిలించింది. ఇంకోసారి కదిలించింది.

"నీ చెయ్యి గూడ ఇటియ్యి" అంది తర్వాత. "కుడిది. ఆ ఒదులు గాజులు తీసెయ్యి."

"మీకు వస్తదా?"

"సందులకెల్లి అన్నేండ్లు చూసిన, రాదా?"

రాలేదు. రెండు గాజులు చిట్లాయి, భాగమ్మ వేలు గీసుకుంది, "మెల్లగ, మెల్లగ" అని ఒకరు, "ఊకోవే, నీకన్న ఎరికె" అని ఒకరు. పల్లీలవాడు నిలబడి నవ్వుతూ చూశాడు. ఎట్లయితేనేం, బిగువైన గాజులు ఆ కుడిచేతికి ఎక్కాయి. శంకరప్ప పోయాక ఇంకో మనిషి చెయ్యి ఆ చేతికి గాజులు వెయ్యడం అదే మొదలు.

తిరుగు రైల్లో, శంకర్‌పల్లి దాటాక, దేవమ్మ తన గాజులు ఒక్కొక్కటే చిట్లకుండా తీసి భాగమ్మ ఒళ్లో వేసింది. "గివి మనోరమకు ఎయ్యి. ఎవలికి చెప్పకు" అంది. భాగమ్మ వాటిని మిగతా వాటిలో కలపకుండా కొంగున ముడేసుకుంది.

ఇంటికి రాగానే లక్ష్మమ్మ ఎదురొచ్చింది. వెనకాల వాడకట్టంతా ఉంది. "చూసినవా వదినె?"

దేవమ్మ కాళ్లు కడుక్కుంది. నీళ్లు తాగింది. చెంబు బోర్లించింది.

"చూసిన" అంది దేవమ్మ. "పొట్టోడు. కనుబొమ్మ మీద మచ్చ. ముచ్చట్లకు తక్కువలేదు గని, దుకాణంల కూసుండ జాగ లేదు. చాయ తాపిండు, ఆరిపోయిన చాయ. ఏం మర్యాదనో ఏమో పట్నపోళ్లది! గని గాజులామె మీద మాత్రం మస్తు పానం. నా ముంగటనే చెయ్యి వట్టి గాజులేసిండు. చూపియ్యే!"

భాగమ్మ కుడిచెయ్యి ముందుకు చాచింది. గాజులు జారలేదు.

కార్తీకం పోయాక పెళ్లి జరిగింది. పందిట్లో భాగమ్మ మనోరమ చేతులకు పెళ్లి గాజులు తొడిగింది. ముందుగా కొంగు ముడి విప్పి తీసిన ఆకుపచ్చవి, వాటి మీద మిగతావి. కొలత సరిగ్గా సరిపోయింది. పిల్ల చేతులు కదిలించినప్పుడల్లా ఆ చప్పుడు లోపలి అర్ర దాకా పోయింది. అందరూ అక్షింతల హడావుడిలో ఉన్నప్పుడు భాగమ్మ మెల్లగా లేచి లోపలి అర్రలోకి పోయింది. దేవమ్మ గరిసెకు ఆనుకొని, చీకట్లో ఒక్కతే కూర్చొని ఉంది.

"ఏందే? గాజులన్ని అయిపోయినయి గద, ఈడేం పని?"

భాగమ్మ ఎదురుగా చతికిలబడి, దేవమ్మ చెయ్యి ఒళ్లోకి తీసుకొని, ఒక్క గాజూ లేకుండా ఉట్టిగా కణుపులు పిసకడం మొదలుపెట్టింది. దేవమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పందిట్లో గాజులు మళ్లీ గలగలమన్నాయి.

"జర మెల్లగనే" అంది దేవమ్మ. "పట్నం దుకాణదారు పెండ్లానివి, గింత మొరటు చెయ్యేంది!"